సౌర విద్యుత్, బ్యాటరీలు ఉండగా అణు విద్యుత్ ఎందుకు? లెక్క ఏడాదికి కాదు, గంటకు వేయాలి

మీరు అడిగింది ఇదీ: సౌర విద్యుత్ బాగా చవకైంది, బ్యాటరీల ధరలూ దిగుతున్నాయి. కట్టడానికే పదేళ్లు దాటే అణు కేంద్రాల వెంట ఇంకా ఎందుకు పడాలి? ఎండ, గాలి, బ్యాటరీలతోనే గ్రిడ్ మొత్తం నడవదా?

చాలావరకు నడుస్తుంది. చిక్కంతా చివర మిగిలే కొద్ది భాగంలో ఉంది. ఏడాదికి ఎన్ని యూనిట్లు కావాలి, ఎన్ని వస్తాయి అని పోల్చుకుంటూ కూర్చుంటే ఆ చిక్కు కనిపించదు. తీగల్లో కరెంటు దాచుకునే వీలు లేదు. ఈ క్షణం వాడేది ఈ క్షణమే తయారవ్వాలి. కాబట్టి ఒక చిన్న వ్యవస్థను తీసుకుని గంటల లెక్క వేద్దాం.

రాత్రీ పగలూ ఒకే తీరున 1000 మెగావాట్ల లోడ్, అంటే కరెంటు వాడకం, ఉందనుకోండి. రోజుకు 24,000 మెగావాట్ గంటలు కావాలి. సౌర కేంద్రం ఏడాది సగటున తన సామర్థ్యంలో 20 శాతం ఇస్తుందనుకుంటే, కాగితం మీద 5000 మెగావాట్ల సౌర పలకలు సరిపోతాయి. మంచి ఎండలో మిట్టమధ్యాహ్నం వాటినుంచి వచ్చేది సుమారు 4000 మెగావాట్లు. పలక మీద రాసిన సామర్థ్యం 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత దగ్గర కొలిచింది. ఎండలో సెల్ 60 డిగ్రీలకు చేరుతుంది, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 12 శాతం దాకా అక్కడే పోతుంది. దుమ్ము, తీగలు, ఇన్వర్టర్ నష్టాలు దానికి అదనం. అంటే మధ్యాహ్నం 3000 మెగావాట్లు మిగులు, పొద్దు గుంకాక సున్నా.

ఉదయం, సాయంత్రం ఎండ పలచబడే వేళలను కూడా కలుపుకుంటే రోజుకు సుమారు 15 గంటల లోడ్‌ను బ్యాటరీ మోయాలి. 15,000 మెగావాట్ గంటలు అన్నమాట. చాలా ప్రణాళికలు ఇక్కడే తప్పుతాయి. 15,000 కావాలి కదా అని 15,000 కొంటే చాలదు. డిశ్చార్జ్ చేసేటప్పుడు 6 శాతం పోతుంది. పూర్తిగా ఖాళీ చేయకుండా 90 శాతమే వాడుకోవాలి. పదేళ్లు దాటేసరికి సామర్థ్యం 80 శాతానికి దిగుతుందని ముందే వేసుకోవాలి. ఈ మూడింటితో భాగిస్తే 22,000 మెగావాట్ గంటలు వస్తుంది. ఛార్జ్ చేసేటప్పుడూ నష్టం ఉంటుంది కాబట్టి పలకలు కూడా 5000 చాలవు, 5500 దాకా కావాలి.

బ్యాటరీల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకో మాట. ఇప్పుడు పెద్ద నిల్వ కేంద్రాల్లో ఎక్కువగా పెడుతున్నవి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్. వీటి వోల్టేజ్ గీత మధ్యలో దాదాపు సమతలంగా ఉంటుంది. వోల్టేజ్ చూసి ఎంత ఛార్జ్ మిగిలిందో చెప్పడం కష్టం. కంట్రోలర్ కరెంటును కూడుకుంటూ, తీసేసుకుంటూ అంచనా వేస్తుంది. ఆ అంచనా రోజురోజుకీ కొంచెం పక్కకు జరుగుతుంది. అప్పుడప్పుడు నిండా ఛార్జ్ చేసి లెక్క సరిచేయకపోతే తెర మీద 20 శాతం చూపిస్తూనే బలహీనమైన ఒక సెల్ అడుగంటి, మొత్తం ర్యాక్ ట్రిప్ అవుతుంది. అదీ సరిగ్గా సాయంత్రం పీక్‌లో. కాబట్టి నిర్వహణ ఒప్పందంలో ఈ సరిచేసే చక్రం ఎన్ని రోజులకోసారి, ఏ గంటల్లో చేస్తారో రాయించుకోవాలి. వేడి ప్రదేశంలో కూలింగ్ యంత్రాలు తినే కరెంటు కూడా సామర్థ్యం లెక్కలో చూపించమనాలి. అమ్మేవాళ్లు చెప్పే శాతంలో చాలాసార్లు అది ఉండదు.

ఇంతవరకు చూసింది మామూలు రోజు. ఈ భాగాన్ని సౌర విద్యుత్, బ్యాటరీలు నిజంగానే మోయగలవు. అందులో నాకు సందేహం లేదు. బ్యాటరీ రోజూ ఒకసారి నిండి, ఒకసారి ఖాళీ అయితే, ఆగిన రోజులు పోను, ఏడాదికి 330 సార్లు పనిచేసినట్టు. పెట్టిన డబ్బు అన్ని చక్రాల మీదా పంచుకుపోతుంది.

ఇప్పుడు మబ్బు వారం చూడండి. మూడు రోజులు వరసగా దట్టమైన మబ్బు పడితే ఎండ నాలుగో వంతుకు దిగడం వింతేమీ కాదు. రోజుకు 18,000 చొప్పున మూడు రోజులకు 54,000 మెగావాట్ గంటల లోటు. దీనికోసం కూడా బ్యాటరీలే కొంటే ఆ అదనపు బ్యాటరీ ఏడాదికి నాలుగైదు సార్లే పనిచేస్తుంది. బ్యాటరీ అదే, ధర అదే. కానీ 330 చక్రాల మీద పంచాల్సిన పెట్టుబడిని 5 చక్రాల మీద పంచాలి. దాంట్లోంచి వచ్చే ఒక్కో యూనిట్ మీద పడే పెట్టుబడి భారం 66 రెట్లు. బ్యాటరీ ధర సగానికి పడిపోయినా అది 33 రెట్లు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ అంకెలోనే ఉంది. రోజువారీ నిల్వ, వారం నిల్వ, రుతువు నిల్వ మూడు వేరువేరు వస్తువులు. మొదటిదాని ధర చూపించి మిగతా రెండూ అయిపోయినట్టే అనుకోకూడదు.

గాలిని కలిపితే ఈ లోటు బాగా తగ్గుతుంది. రాత్రిళ్లు, ఎండ తక్కువ ఉండే నెలల్లో గాలి చాలాచోట్ల ఆదుకుంటుంది. కానీ గాలిలో ఉన్న శక్తి వేగపు ఘనాన్ని, అంటే వేగాన్ని మూడుసార్లు వేసి గుణించినదాన్ని, బట్టి మారుతుందని మరవకూడదు. సెకనుకు 8 మీటర్ల వేగం 7కు తగ్గితే మూడో వంతు శక్తి పోతుంది, సగానికి తగ్గితే మిగిలేది ఎనిమిదో వంతు. వాతావరణ అంచనాలో ఒక్క మీటరు తేడా వచ్చినా గ్రిడ్‌ను నడిపే డిస్పాచ్ గదిలో వందల మెగావాట్లు వెతుక్కోవాల్సి వస్తుంది. ఎండా గాలీ రెండూ ఒకేసారి చతికిలబడే చలికాలపు రోజులకు జర్మన్లు డుంకెల్‌ఫ్లౌట అని ఒక మాటే పెట్టుకున్నారు.

అవసరానికి మించి పలకలు పెట్టి, మిగులును వదిలేయడం వృథా అని చాలామంది బాధపడతారు. ఆ బాధ అక్కర్లేదు. పలకలు చవక కాబట్టి 20, 30 శాతం ఎక్కువ కట్టుకుని మంచి ఎండలో కొంత ఆపేయడం, అరుదుగా వాడే నిల్వ కట్టడం కన్నా చాలాసార్లు మేలు. మబ్బు రోజున ఆ అదనపు పలకలే లోటును పూడుస్తాయి.

కొండలు, నీళ్లు ఉన్నచోట పంప్డ్ స్టోరేజ్, అంటే మిగులు కరెంటుతో నీటిని పైకి ఎక్కించి అవసరమైనప్పుడు దింపి కరెంటు తీయడం, మంచి దారి. కిందికీ పైకీ కలిపి 70 నుంచి 80 శాతం తిరిగొస్తుంది, దశాబ్దాలు పనిచేస్తుంది. లెక్క సులువు: 300 మీటర్ల ఎత్తు నుంచి ఒక ఘనపు మీటరు నీరు దిగితే, యంత్రాల నష్టం పోను, ముప్పావు యూనిట్ కన్నా కాస్త తక్కువ వస్తుంది. పైన చెప్పిన 15,000 మెగావాట్ గంటలకు 2 కోట్ల ఘనపు మీటర్ల నీరు కావాలి. 20 మీటర్ల లోతుతో ఒక చదరపు కిలోమీటరు జలాశయం పైన, అంతదే కింద. స్థలం దొరికితే వదలకూడదు. హైడ్రోజన్ సంగతి వేరు. ఒక కిలో తయారీకి 50 నుంచి 55 యూనిట్లు పడతాయి, తిరిగి కరెంటు చేస్తే 18 దాకా వస్తాయి. మూడింట రెండు వంతులు దారిలోనే పోతాయి. ఎరువులకు, ఉక్కుకు అది కావాలి. రాత్రి దీపాలకు దాన్ని వాడాలన్న ఆలోచన నాకు నచ్చదు.

సెకన్ల మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పెద్ద చీకట్లు అక్కడే పుడతాయి. ఆవిరి, నీటి టర్బైన్లు బరువైన ఇనుప చక్రాల్లా తిరుగుతుంటాయి. ఎక్కడో ఒక కేంద్రం ట్రిప్ అయితే ఆ తిరిగే బరువులో ఉన్న శక్తి కొన్ని సెకన్లు లోటును భరిస్తుంది. 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీతో, అంటే సెకనుకు 50 చక్రాల కరెంటుతో, నడిచే గ్రిడ్‌లో లక్ష మెగావాట్ల ఇలాంటి యంత్రాలు తిరుగుతూ, ఒక్కోదానిలో 4 సెకన్లకు సరిపడే శక్తి ఉందనుకుంటే, 2000 మెగావాట్లు ఒక్కసారిగా పోయినప్పుడు ఫ్రీక్వెన్సీ సెకనుకు 0.125 హెర్ట్జ్ చొప్పున జారుతుంది. తిరిగే యంత్రాలు పాతిక వేల మెగావాట్లే ఉంటే అదే దెబ్బకు సెకనుకు 0.5 హెర్ట్జ్ జారుతుంది. ఆదుకోవాల్సినవాళ్ల చేతిలో ఉన్న సమయం నాలుగో వంతుకు తగ్గిపోయింది.

2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో పిడుగు పడ్డ వెంటనే ఒక సముద్ర పవన కేంద్రం, ఒక గ్యాస్ కేంద్రం, వాటితోపాటు చిన్న చిన్న ఉత్పత్తి కేంద్రాలు దాదాపు ఒకేసారి తప్పుకున్నాయి. ఫ్రీక్వెన్సీ 48.8కి పడి, పది లక్షలకు పైగా వినియోగదారులకు సరఫరా తెగింది. 2016 సెప్టెంబర్ 28న దక్షిణ ఆస్ట్రేలియాలో తుపానుకు టవర్లు కూలి, వోల్టేజ్ వరసగా పడిపోతుంటే, కొద్ది నిమిషాల్లో ఇన్నిసార్లకు మించి తట్టుకోవద్దని గాలిమరల కంట్రోలర్‌లో పెట్టిన ఒక సెట్టింగ్ వాటిని ఆపేసింది. రాష్ట్రమంతా చీకటైంది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ ఆరిపోయినప్పుడు కథ ఇంకోటి: వోల్టేజ్ అదుపు తప్పి పైకి పోయింది, కేంద్రాలు వరసగా ట్రిప్ అయ్యాయి, ట్రిప్ అయినకొద్దీ వోల్టేజ్ ఇంకా పెరిగింది.

ఈ మూడూ చూపించి సౌర, పవన విద్యుత్ పనికిరావు అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఇవి సెట్టింగుల, పరికరాల లోపాలు, సరిదిద్దగలిగినవి. దక్షిణ ఆస్ట్రేలియాలో ఆ సెట్టింగ్ మార్చారు, 2017లో 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు, తర్వాత ఇంధనం లేకుండా ఉత్తినే తిరుగుతూ గ్రిడ్‌కు ఆ తిరిగే బరువును అందించే సింక్రనస్ కండెన్సర్లు పెట్టారు. కొత్తగా కట్టే ఏ సౌర కేంద్రానికైనా, ఏ బ్యాటరీకైనా కొనేముందే అడగాల్సినవి ఉన్నాయి. వోల్టేజ్ పడినప్పుడు ఎంతసేపు, ఎన్నిసార్లు తట్టుకుంటుంది? వోల్టేజ్‌ను అదుపులో ఉంచే రియాక్టివ్ పవర్‌ను రాత్రి ఎండ లేనప్పుడు కూడా ఇస్తుందా? తనంతట తాను వోల్టేజ్‌ను నిలబెట్టే గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టరా, గ్రిడ్ వెంట నడిచేదా? కట్టేటప్పుడు ఇది కొద్దిపాటి ఖర్చు. కట్టాక మార్చాలంటే ప్రతి ఇన్వర్టర్ దగ్గరికీ మనిషి వెళ్లాలి.

ఇక అణు విద్యుత్. 1000 మెగావాట్ల రియాక్టర్ 90 శాతం నడిస్తే ఏడాదికి 788 కోట్ల యూనిట్లు. అంతే సామర్థ్యమున్న సౌర కేంద్రం 20 శాతం లెక్కన ఇచ్చేది 175 కోట్లు. అయినా అణు విద్యుత్ విలువ యూనిట్లలో లేదు, ఆ యూనిట్లు మబ్బు వారంలో కూడా రావడంలో ఉంది. ఏడాదికి 25 టన్నుల చొప్పున ఇంధనం చాలు, 12 నుంచి 24 నెలలకోసారి ఇంధనం మార్చడానికి ఆపుతారు. భారజల రియాక్టర్లయితే ఆ ఆపడం కూడా లేకుండా నడుస్తుండగానే మారుస్తారు.

భద్రత విషయంలో జనం భయపడేది బాంబులా పేలుతుందని. రియాక్టర్ ఇంధనంలో యురేనియం 235 సాధారణంగా మూడు నుంచి 5 శాతమే, అది అలా పేలదు. భయపడాల్సింది ఆపేసిన తర్వాతి వేడికి. కంట్రోల్ రాడ్లు దిగగానే గొలుసు చర్య ఆగిపోతుంది గానీ, విడిపోయిన పరమాణు ముక్కలు వేడినిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో పూర్తి ఉష్ణశక్తిలో 6, 7 శాతం, గంట తర్వాత ఒకటిన్నర శాతం, రోజు తర్వాత అర శాతం. అర శాతమే కదా అనిపిస్తుంది. 3000 మెగావాట్ల ఉష్ణశక్తి ఉన్న రియాక్టర్‌లో అది 15 మెగావాట్లు, గంటకు 20 టన్నులకు పైగా నీటిని ఆవిరి చేస్తుంది. ఆ నీరు అందకపోతే ఇంధనం బయటపడుతుంది, జిర్కోనియం తొడుగు ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ విడుదల చేస్తుంది. 2011 మార్చి 11న ఫుకుషిమాలో జరిగింది ఇదే. భూకంపానికి రియాక్టర్లు సరిగ్గానే ఆగాయి. సునామీ నీరు డీజిల్ జనరేటర్లను, కరెంటును పంచే స్విచ్‌గేర్‌ను ముంచేయడంతో పంపులు ఆగాయి.

కాబట్టి ఏ కొత్త రియాక్టర్ గురించి విన్నా నేను మొదట వెతికేది ఒకటే: బయటి కరెంటూ లేక, డీజిలూ లేక, మనిషి చెయ్యీ పడకుండా ఎన్ని గంటలు వేడిని బయటికి పంపగలదు? అమెరికా రియాక్టర్ నమూనా ఏపీ 1000 లాంటివాటిలో పైన నీళ్ల తొట్టి పెట్టి, గురుత్వాకర్షణతోనే 72 గంటలు నడిచేలా చేశారు. రెండో ప్రశ్న, జనరేటర్లు, బ్యాటరీలు, స్విచ్‌గేర్ మూడూ ఒకే అంతస్తులో ఉన్నాయా? జనరేటర్‌ను గట్టు మీద పెట్టి స్విచ్‌గేర్‌ను నేలమాళిగలో ఉంచితే గట్టు వల్ల లాభం లేదు.

నీళ్లు కూడా చూడాలి. మూడింట ఒక వంతే కరెంటవుతుంది. 1000 మెగావాట్లకు 2000 మెగావాట్ల వేడి బయటికి పోవాలి. కూలింగ్ టవర్లయితే రోజుకు సుమారు 50 వేల టన్నుల నీరు ఆవిరైపోతుంది. నది వేడెక్కిన వేసవుల్లో ఫ్రాన్స్‌లో రియాక్టర్ల ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది. నది ఒడ్డు కన్నా సముద్రపు ఒడ్డు మేలనడానికి ఇదొక కారణం.

ఎండ ఎక్కువున్నప్పుడు రియాక్టర్‌ను తగ్గించి రాత్రికి పెంచలేమా అంటే, సాంకేతికంగా కుదురుతుంది, ఫ్రాన్స్‌లో చేస్తారు. శక్తి తగ్గించినప్పుడు న్యూట్రాన్లను మింగే జినాన్ 135 కొన్ని గంటలపాటు పెరుగుతుంది, మళ్లీ పెంచడానికి అది అడ్డం పడుతుంది. ఇంధనం చివరి దశలో ఉన్నప్పుడు ఈ వెసులుబాటు ఇంకా తగ్గుతుంది. దానికన్నా పెద్ద అడ్డంకి డబ్బు. రియాక్టర్ ఖర్చంతా కట్టడంలోనే ఉంది. సగం శక్తితో నడిపితే ఖర్చు తగ్గదు, యూనిట్ ధర మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. అందుకే నింపాదిగా నిండుగా నడిపి, ఎగుడుదిగుళ్లను బ్యాటరీలకు, జలవిద్యుత్‌కు వదిలేయాలి.

అణు విద్యుత్‌కు నిజమైన శత్రువు వడ్డీ. 100 రూపాయల పని అయిదేళ్లపాటు సమంగా ఖర్చుపెడుతూ 8 శాతం వడ్డీకి కడితే, తయారయ్యేసరికి 122 అవుతుంది. అదే పని, అదే ఇటుక, అదే కూలి, పన్నెండేళ్లు సాగితే 164. మళ్లీ చేసిన పని ఖర్చు ఇందులో లేదు. ఫిన్లాండ్‌లోని ఓల్కిలుఓటో 3 పని 2005లో మొదలై 2023లో క్రమబద్ధమైన ఉత్పత్తికి వచ్చింది. ఫ్రాన్స్‌లోని ఫ్లామన్‌విల్ 3 పని 2007లో మొదలై 2024 డిసెంబర్‌లో గ్రిడ్‌కు కలిసింది. ఇలాంటివాటిలో పదేపదే కనిపించేవి డిజైన్ పూర్తికాకుండానే కాంక్రీట్ పోయడం, వెల్డింగులు తిరస్కరణకు గురై మళ్లీ చేయడం, ఆ మొదటి నమూనాకు అలవాటు పడ్డ పనివాళ్లు లేకపోవడం. యుఏఈలోని బరాకాలో ఒకే నమూనాను నాలుగుసార్లు వరసగా కట్టారు. 2012లో మొదలుపెట్టి నాలుగో యూనిట్‌ను 2024లో వాణిజ్య ఉత్పత్తికి తెచ్చారు. ఒక్క రియాక్టర్ కట్టాలనుకునే దేశం కట్టకపోవడమే మంచిది. కడితే ఒకే నమూనాతో నాలుగో ఆరో కట్టాలి, అదే బృందాన్ని ఒకదాని నుంచి ఇంకోదానికి నడిపించాలి. దీనికీ ఒక వెల ఉంది. 2021 చివర్లో ఫ్రాన్స్‌లో పైపుల్లో ఒత్తిడి తుప్పు పగుళ్లు బయటపడ్డాయి, ఒకే రకం రియాక్టర్లు ఎన్నో కాబట్టి 2022లో చాలావాటిని తనిఖీకి, మరమ్మతుకు ఆపాల్సి వచ్చింది. ఎప్పుడూ ఉండే కరెంటు అనే మాటను కూడా జాగ్రత్తగా వాడాలి.

ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి అమర్చే చిన్న మాడ్యులర్ రియాక్టర్ల మీద ఆశ ఉంది, కానీ చిన్నదైనకొద్దీ న్యూట్రాన్లు ఎక్కువ తప్పించుకుంటాయి, మెగావాటుకు ఉక్కు, కాపలా, సిబ్బంది ఎక్కువవుతారు. వేడిని తీయడం మాత్రం సులువవుతుంది. ఫ్యాక్టరీలో పదుల సంఖ్యలో తయారైతేనే ఆ నష్టం పూడుతుంది. అంతవరకు దాన్ని నమ్ముకుని ఇప్పటి ప్రణాళిక వేయకూడదు. తేలికైన పరమాణువులను కలిపి శక్తి తీసే ఫ్యూజన్ ఇంకా దూరం. 2022 డిసెంబర్‌లో అమెరికాలో లేజర్ ఇచ్చిన 2.05 మెగాజౌళ్లకు 3.15 వచ్చాయి, కానీ ఆ లేజర్లు గోడ నుంచి లాగింది 300 మెగాజౌళ్ల దాకా.

వ్యర్థాల గురించి క్లుప్తంగా: వాడిన ఇంధనం కొన్నేళ్లు నీళ్ల తొట్టిలో చల్లారి, తర్వాత ఉక్కు, కాంక్రీట్ పీపాల్లోకి వెళ్తుంది. ఫిన్లాండ్‌లో ఒన్కలో దగ్గర 400 మీటర్లకు పైగా లోతున, రాగి తొడుగుల్లో బెంటొనైట్ మట్టి చుట్టి పూడ్చే ఏర్పాటు చేశారు. ఇంజినీరింగ్ కన్నా ఆ ఊరివాళ్లను ఒప్పించడం కష్టం, వాళ్లను చివర్లో కాకుండా మొదట్లోనే కూర్చోబెట్టి మాట్లాడాలి.

మీ ప్రాంతానికి ఏది సరిపోతుందో మీరే చూసుకోవాలంటే, ఏడాదిలోని 8760 గంటల లోడ్ తీసుకోండి, అలాంటి ఏళ్లు కనీసం పది. అవే గంటల ఎండ, గాలి కొలతలు తీసుకోండి. వేరే ఏడాదివి కలిపితే వేడి గాలులు, ఏసీల లోడ్ ఒకేసారి వచ్చే సంగతి చెరిగిపోతుంది. సగటు ఏడాదిని అసలు వాడకండి. గంట గంటకు లోడ్‌లోంచి సౌర, పవన ఉత్పత్తి తీసేసి, మిగిలిన లోటుల్లో అతి చెడ్డ రెండు వారాలను బయటికి తీయండి. జరిపించగలిగే లోడ్, అంటే వాహనాల ఛార్జింగ్, నీటి పంపులు, నీళ్లు కాచడం, శీతల గిడ్డంగులు, ముందు పగటికి మార్చి చూడండి. ఇది అన్నిటికన్నా చవక. తర్వాత బ్యాటరీ, ఆపైన పంప్డ్ స్టోరేజ్. అప్పటికీ పూడని లోటు ఏడాదికి ఎన్ని గంటలో చూడండి. లైన్లు కూడా ఇదే లెక్కలో పెట్టండి. సౌర కేంద్రం ఏడాదిలో లేస్తుంది, దాని కరెంటు మోసే పెద్ద లైన్‌కు భూమి, అనుమతులు కలిపి చాలాసార్లు అంతకన్నా ఎన్నో రెట్లు పడుతుంది.

మిగిలిన లోటు వేల గంటలయితే, పెద్ద జలవిద్యుత్ లేకపోతే, అణు కేంద్రానికి నిజమైన పని ఉన్నట్టు. అది వందల గంటలే అయితే అణు కేంద్రం కట్టడం డబ్బు వృథా. ఉన్న గ్యాస్ టర్బైన్లను మూసేయకుండా అప్పుడప్పుడు వాడుకోవడం చాలు. 1000 మెగావాట్ల గ్యాస్ టర్బైన్‌ను ఏడాదికి 200 గంటలు నడిపితే వచ్చే బొగ్గుపులుసు వాయువు సుమారు లక్ష టన్నులు. అదే సామర్థ్యంతో ఏడాది పొడవునా నడిచే బొగ్గు కేంద్రం 60 లక్షల టన్నులకు పైగా వదులుతుంది. చివరి రెండు శాతాన్ని ఎలా శుభ్రం చేయాలో తేలలేదని ఆ బొగ్గు కేంద్రాన్ని ఇంకో పదేళ్లు నడపడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే తప్పు. బాగా నడుస్తున్న రియాక్టర్‌ను గడువుకు ముందే మూసేసి ఆ ఖాళీని బొగ్గుతో నింపడం దాని తర్వాతది. ఈ రెండూ ఆపడానికి కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు.